స్తంభం పగిలిన తరువాత

మా చిన్నతనంలో మెట్టకూరులో ప్రహ్లాద నాటకం వేశారంటే జనం కాచుకుని కూర్చునేది ఒక్క ఘట్టం కోసం. వెదురుబద్దలకు రంగుకాగితం అంటించిన స్తంభం పగలాలి. లోపలినుంచి జూలు విదిలించుకుంటూ నరసింహస్వామి దూకాలి. అప్పటిదాకా నిద్రపోయిన పిల్లల్ని తల్లులు ఆ సమయానికి లేపేవారు, లేపి మళ్ళీ తామే వాళ్ళ కళ్ళు మూసేవారు. హిరణ్యకశిపుడు గడప మీద ఒరిగిపోగానే హార్మోనియం మంగళం అందుకునేది. మేం చాపలు చుట్టుకుని ఇంటిదారి పట్టేవాళ్ళం.

చాలా ఏళ్ళ తరువాత పోతన భాగవతం సప్తమ స్కంధం మొదటినుంచి చివరిదాకా చదివినప్పుడు గాని ఒక సంగతి తెలిసిరాలేదు. మేం ప్రతిసారీ కథ మధ్యలో లేచి వచ్చేశాం. నరసింహావతారం అర్థమంతా మేం చాపలు చుట్టిన తరువాతే ఉంది.

ఈ అవతారాన్ని వ్యాఖ్యానించేవారు సాధారణంగా రెండు దారుల్లో పోతారు. మొదటిది అందరికీ తెలిసిన దుష్టశిక్షణ, శిష్టరక్షణ. ఇది అబద్ధం కాదు. కాని ఇక్కడితో ఆగితే దుష్టుడు ఎప్పుడూ ఎదుటివాడే అవుతాడు, మనం ఎప్పుడూ ప్రహ్లాదుడి పక్షమే అవుతాం. రెండోది వేదాంతుల దారి. హిరణ్యకశిపుడు అహంకారం, స్తంభం దేహం, గోళ్ళు వివేకం అంటూ ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థం చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే అన్నిటికీ అర్థం చెప్పేశాక భయం మిగలదు. భయం లేని నరసింహుణ్ణి కొలవడానికి నరసింహుడే ఎందుకు?

పోతన ఈ రెండు దారుల్నీ కాదనడు, వాటి దగ్గర ఆగిపోడు. హిరణ్యకశిపుడు పొందిన వరం అందరికీ తెలిసిందే. లోపలా బయటా, పగలూ రాత్రీ, నరుడివల్లా మృగంవల్లా చావు ఉండకూడదు. చావు రాగల తలుపులన్నీ మూశాననుకున్నాడు. గడప ఒకటి మిగిలిపోయింది, సందెవేళ మిగిలిపోయింది. లోకాలన్నీ గెలిచినవాడితో ప్రహ్లాదుడు అన్నమాట ఇక్కడ గుర్తుంచుకోవాలి. బయటి శత్రువుల్ని గెలిచావు గాని నీ మనసును గెలవలేకపోయావు, దాన్ని మించిన పగవాడు మరొకడు లేడు అంటాడు. చంపబోయే తండ్రితో కొడుకు అన్నమాట ఇది. తండ్రి పగవాడని అనలేదు, తండ్రికి పగవాడెవరో చూపించాడు.

స్తంభం పగిలింది, వధ జరిగింది. తరువాత ఏమైంది? కోపం చల్లారలేదు. శత్రువు పోయినా ఉగ్రత పోలేదు. ఇది కథలో చిన్న విషయం కాదు. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు దూరంనుంచే స్తుతించారు. లక్ష్మీదేవి అంతటి ఆమె ఆ రూపం ఎన్నడూ చూడలేదని దగ్గరకు వెళ్ళలేకపోయింది. చివరికి బ్రహ్మ పసివాణ్ణి పంపించాడు. ప్రహ్లాదుడు వెళ్ళి పాదాలమీద పడితే స్వామి లేవనెత్తి తలమీద చెయ్యి పెట్టాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చినవి ఆ చేతులే.

అప్పుడు ఆ పిల్లవాడు ఏమి మాట్లాడాడో చూడండి. ఈ కోరలకూ ఈ పేగులదండకూ నాకు భయం లేదు, సంసారచక్రమంటేనే భయం అన్నాడు. అసురుడు చచ్చాడు గదా, ఇక కోపం విడిచిపెట్టు అని దేవుడికే చెప్పాడు. దీనుల్ని వదిలి నేనొక్కణ్ణే మోక్షం పొందాలని లేదు అన్నాడని వ్యాసుని మూలంలో ఉంది. వరం కోరుకోమంటే మనసులో కోరిక మొలవకుండా ఉండే వరం అడిగాడు. ఆ తరువాత తండ్రి కోసం అడిగాడు, ఆయన పాపం పోవాలని. తండ్రితోపాటు ఇరవైయొక్క తరాలు పావనమయ్యాయని చెప్పి, తండ్రికి ఉత్తరక్రియలు చెయ్యమన్నాడు స్వామి.

ఉగ్రావతారం ఆంతర్యం ఇక్కడ ఉందని నాకనిపిస్తుంది. న్యాయమైన కోపానికి పుట్టే హక్కు ఉంది, కాని తనంత తాను ఆగే శక్తి లేదు. గాయపడినవాడు వచ్చి, నాకు పగ లేదు అని చెప్పినప్పుడే అది ఆగుతుంది. ఆ మాట దేవతలు చెబితే చెల్లలేదు. దెబ్బలు తిన్నవాడు చెబితే చెల్లింది.

మన గోదావరి పాయల మధ్యే దీనికి తోడు నిలిచే కథ ఒకటి ఉంది. ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలోకి వెళ్తే, వసిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోట అంతర్వేది. అక్కడి స్థలపురాణంలో రాక్షసుడు హిరణ్యాక్షుని కొడుకు రక్తవిలోచనుడు. వాడి నెత్తురు ఎన్ని ఇసుకరేణువుల్ని తడిపితే అంతమంది రాక్షసులు లేస్తారు. నరసింహుడు కొట్టినకొద్దీ శత్రువులు పెరిగారు. అశ్వరూఢాంబ నెత్తుటిబొట్టు నేల తాకకుండా అడ్డుపడితే గాని యుద్ధం తెమలలేదు. కోపం నేలమీద ఒలికితే మొలుస్తుందన్న సంగతి మన డెల్టావాళ్ళు పురాణంగా చెప్పుకున్నారు. మాఘమాసంలో కల్యాణం చూడడానికి వెళ్ళేవారిలో ఈ కథ తలుచుకునేవారు ఎందరో!

తెలుగు ప్రహ్లాదుడు తమిళదేశంలో కూడా పెరిగాడు. మన కారైకాల్‌కు ఎగువన ఉన్న తంజావూరు సీమలో, తిరువయ్యారులో, త్యాగరాజస్వామి 'ప్రహ్లాద భక్తి విజయం' రాశారు. అందులో స్తంభం పగలదు, నరసింహుడు రాడు, వధ లేదు. హరి కోసం ప్రహ్లాదుడు పడే ఆర్తి ఒక్కటే నాటకమంతా. ఆ సీమలోనే మెలట్టూరులో వెంకటరామశాస్త్రి రాసిన 'ప్రహ్లాద చరిత్రము'ను భాగవత మేళంగా నరసింహ జయంతి ఉత్సవాల్లో ఇప్పటికీ ఆడతారు. ఆడేవారంతా మగవాళ్ళే. నరసింహుని ముఖానికి గుడిలో పూజ జరుగుతుంది. అది ధరించినవాడికి ఆవేశం వస్తే పక్కవాళ్ళు పట్టుకుని ఆపవలసి వస్తుంది.

ఒకే సీమ, ఒకే భాష, రెండు నాటకాలు. త్యాగరాజు ఉగ్రతను తీసేసి ప్రేమను నిలబెట్టారు. సంగీతానికి అది గొప్ప లాభం. అయితే భయం చూపించని చోట అభయానికి బరువు తగ్గుతుందని చెప్పక తప్పదు. మెలట్టూరువారు ఉగ్రతను నిజంగానే రంగం మీదికి పిలుస్తారు, పిలిచి దాన్ని పట్టుకునే చేతుల్ని కూడా పక్కన నిలబెడతారు. పోతన ఆంతర్యానికి ఈ పద్ధతే దగ్గరని నా అభిప్రాయం. చుట్టూ తమిళం వినిపించే ఊళ్ళో ఒక తెలుగు నాటకం తరాలుగా నిలవడానికి ఈ శ్రద్ధ కూడా ఒక కారణమై ఉంటుంది.

యానాం వాళ్ళం మనం గడప మీద బతికేవాళ్ళం. 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్నాం. తరువాత పుదుచ్చేరి పాలనలోకి వచ్చాం. చుట్టూ ఆంధ్రదేశం, పాలన చెన్నపట్నానికి అవతలినుంచి. అటూ ఇటూ కాని చోట ఉన్నవాడికి మనసులో ఎంతో కొంత ఉక్రోషం ఉంటుంది. భాష గురించి మాట్లాడినప్పుడల్లా అది బయటికి వస్తుంది. రావడం తప్పని నేననను. గడప మీదనే స్వామి ప్రత్యక్షమయ్యాడు గదా! కాని వచ్చిన కోపాన్ని దగ్గరకు వెళ్ళి ఆపగల ప్రహ్లాదుడు మనలో ఉన్నాడా అన్నది ప్రశ్న. లేకపోతే ఒలికిన బొట్టుకొక్క రాక్షసుడు లేస్తాడు.

అందుకే మన ఊళ్ళ నాటకసమాజాల వారికి ఒక్క మనవి. ఈసారి ప్రహ్లాద నాటకం వేసినప్పుడు, స్తంభం పగిలాక వెంటనే మంగళం పాడకండి. ఇంకో అరగంట దీపాలు ఉంచండి. ఆ పసివాణ్ణి స్వామి దగ్గరకు నడిచి వెళ్ళనివ్వండి, తండ్రి కోసం అడగనివ్వండి. జనం లేచిపోతారని భయం వద్దు. పిల్లలైనా కూర్చుంటారు.