బ్లాందీనా: పేరు దక్కిన బానిస, దక్కని బానిసలు

హతసాక్షుల చరిత్రలను భక్తి సాహిత్యమని పక్కన పెట్టడం మన విమర్శకులలో చాలామందికి అలవాటు. అది సరికాదని నా అభిప్రాయం. పీడితుల బతుకు ఏ కొంచెం అక్షరబద్ధమైనా ఆ రచన మన పరిశీలనకు రావలసిందే.

క్రీ.శ. 177లో, తత్త్వవేత్తగా పేరుపొందిన మార్కస్ అరీలియస్ రోమన్ చక్రవర్తిగా ఉన్న కాలంలో, లుగ్డూనం నగరంలో, అంటే నేటి ఫ్రాన్సులోని లియోన్‌లో, క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ వృత్తాంతాన్ని అక్కడి సంఘాలవారు ఆసియా, ఫ్రిజియా సంఘాలకు గ్రీకు భాషలో లేఖగా రాశారు. నాలుగో శతాబ్దంలో యూసీబియస్ తన సంఘ చరిత్రలో ఉదాహరించబట్టి అది మనకు మిగిలింది.

ఆ లేఖలో అందరికంటె ప్రముఖంగా కనిపించేది బ్లాందీనా అనే బానిస స్త్రీ. బలహీనురాలు, తట్టుకోలేదేమోనని తోటివారు భయపడ్డారు. తెల్లవారినప్పటినుంచి సాయంత్రందాకా వంతులవారీగా హింసించినవారే అలసిపోయారు. క్రీడారంగంలో కొయ్యకు వేలాడదీసినప్పుడు తోటివారికి ఆమెలో సిలువ మీది క్రీస్తు కనిపించాడని లేఖ చెబుతుంది. చివరి రోజున పదిహేనేళ్ళ పొంతికస్‌కు ధైర్యం చెప్పి, అతని తర్వాత తానూ మరణించింది. ఆమె యజమానురాలు కూడా హతసాక్షులలో ఒకరే. అయినా లేఖ బానిస పేరు చెప్పింది, యజమానురాలి పేరు చెప్పలేదు. రోమన్ పౌరులకు శిరచ్ఛేదం, తక్కినవారికి మృగాలు అని మరణంలోనూ అంతస్తులు పాటించిన సమాజంలో ఇది చిన్న విషయం కాదు.

కాని ఈ లేఖ సానుభూతికి ఒక హద్దుంది. క్రైస్తవుల ఇళ్ళలో పనిచేసే అన్యమత బానిసలను కూడా అధికారులు పట్టుకున్నారు. హింసకు భయపడి, సైనికులు ప్రేరేపించగా, తమ యజమానులు నరమాంసం తింటారని వారు అబద్ధపు సాక్ష్యం చెప్పారు. బానిస సాక్ష్యాన్ని చిత్రహింసతో రాబట్టడం రోమన్ న్యాయవ్యవస్థకు మామూలే. లేఖ మాత్రం వారు సాతాను ఉచ్చులో పడ్డారని చెప్పి ముందుకు సాగిపోయింది. వారిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

జూన్ 2న నేటికీ బ్లాందీనాను పునీతురాలిగా స్మరిస్తారు. బానిసత్వం మాత్రం ఆమె తర్వాత శతాబ్దాలపాటు క్రైస్తవ రాజ్యాలలోనే కొనసాగింది. బానిస ధైర్యాన్ని కీర్తించడం, బానిసత్వాన్ని ప్రశ్నించడం ఒకటి కావు.

ఈ లోపం ప్రాచీనులదే అనుకోలేం. లొంగని కూలివాణ్ణి నాయకుణ్ణి చేసి, లొంగినవాణ్ణి ద్రోహి అని ఒక్క మాటతో కొట్టిపారేసే కథలు మనవైపూ వస్తున్నాయి. నిలబడినవారిని గౌరవిద్దాం. భయపడినవారిని భయపెట్టిన శక్తులేమిటో చూపించే బాధ్యత కూడా అభ్యుదయ రచయితదేనని మరువరాదు.