గోడకెక్కిన పటం

పాత జానపద కళాఖండాలను సేకరించి ఇంట్లో పెట్టుకోవడం నగరాల్లోని చదువుకున్న మధ్యతరగతికి అభిరుచి చిహ్నమయింది. మూలన ఇత్తడి దీపపు సెమ్మె, దాని పక్కన పాత సందుగ, పైన అద్దం బిగించిన చేర్యాల పటం ముక్క. కేలండరు బొమ్మ కంటే ఇది మేలు కాదా అని అడిగేవారున్నారు. మేలే. అయితే ఆ ముక్క దేనిలోంచి తెగి వచ్చింది, వస్తూ వస్తూ దేన్ని వదిలేసింది అన్న ప్రశ్న వేసుకోకుండా కళాభిరుచి గురించి మాట్లాడటం కుదరదు.

పటం గోడ కోసం పుట్టలేదు. చేర్యాల నకాషీలు ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తిరుమణి బంక పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేసేవారు. పెద్ద పటాలు పదుల అడుగుల పొడవుండేవి. వేసేది నకాషీ, వేయించుకునేది కథకుడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. ఏ కులానికి ఆ కథ, ఏ కథకు ఆ పటం. ఊళ్ళ మీద హక్కు కూడా వంశపారంపర్యంగా కుటుంబాలకు వచ్చేదే. పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క వరుసా విప్పుతూ, కర్రతో చూపిస్తూ కథ నడిపేవారు. బొమ్మ సగం, నోరు సగం. నోరు పోయిన తర్వాత మిగిలిన సగాన్నే మనం కళాఖండం అంటున్నాం.

పోయిన సగం చిన్నదేం కాదు. జాంబపురాణమే తీసుకోండి. లోకం ఏర్పడకముందే జాంబవుడు పుట్టాడని, దేవతలకు కూడా అతడే పెద్ద అని ఆ కథ చెబుతుంది. ఊరి బయట వాడలో, ఊరి నడుమ చెప్పుకునే పురాణానికి ఎదురు నిలిచిన పురాణం అది. పుట్టుకతో తక్కువవాడివన్న మాటకు పుట్టుక దగ్గరే సమాధానం చెప్పింది. మార్కండేయ పురాణంలో భావనారుషి దేవతలకు బట్ట నేయడం కూడా ఈ కోవలోదే. మగ్గం మీద బతికేవాడు తన పనికి తానే గౌరవం కల్పించుకున్నాడు. అంటే ఈ పటాలు వాదిస్తాయి. అద్దం వెనక ఆ వాదం వినపడదు. "ఎరుపు ఎంత బాగా పండింది!" అన్న మెచ్చుకోలు మాత్రం వినపడుతుంది. డక్కలివాడిని గడప దాటనివ్వని ఇళ్ళలో అతని పటానికి హాల్లో చోటు దొరకడం మన సమాజంలో అసంభవమేమీ కాదు.

ఇంతమాత్రాన పాత రోజులు తిరిగి రావాలని మన వాదన కాదు. ఆ ఏర్పాటు కులవ్యవస్థ లోపలిదే. మాదిగల గొప్ప చాటిన డక్కలివాడిని ఆ మాదిగవాడే తన ఇంట్లోకి రానివ్వని స్థితి ఉండేది. హక్కు అని పిలిచినదాంట్లో సగం యాచనే. కథకుడి కొడుకు పటం చుట్టిపెట్టి బడికో, కూలికో వెళ్ళిపోతే అతన్ని తప్పుపట్టే అధికారం మనకెవరికీ లేదు.

సేకర్తలందరినీ ఒకే గాటన కట్టడమూ న్యాయం కాదు. చిరిగిపోయిన పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపే ఆచారం ఉండేది. అందువల్ల బాగా పాత పటాలు మిగిలినవి తక్కువ. ఆ మిగిలినవాటిలో కొన్ని 1976లో హైదరాబాదులో ఏర్పడిన జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం వంటి చోట్ల భద్రంగా ఉన్నాయి. పటాన్ని పటంగా, కథ తెలిసి, దాచినవాడు మనకు ఉపకారం చేసినవాడే. ఒకే పటాన్ని అడ్డంగా కోసి, వరుసకో ధర కట్టే దళారి సంగతి వేరు. అతని దగ్గర కొన్న ఇంట్లో కథ మొదలూ తుదీ లేని ఒక యుద్ధం మాత్రం వేలాడుతుంది. ఎవరు ఎవరితో పోరాడుతున్నారో ఇంటివారికి తెలియదు.

ఈ బజారులో ధర పలికేది పాతదనం. మసి, మరక, చిరుగు, అన్నీ ధరలోకి ఎక్కుతాయి. పురావస్తువుల మీద 1972లో వచ్చిన చట్టం 100 ఏళ్ళు దాటిన కళాఖండాలను వ్యాపారులు దేశం దాటించకుండా కట్టడి చేసింది. మంచిదే. కాని ఆ చట్టం కాపాడేది వస్తువును. గడవని రోజున పటం అమ్ముకున్న మనిషికి ముట్టింది ఎంత, చివరి బేరంలో పలికింది ఎంత అన్నది దాని పరిధిలోకే రాదు.

అందుకే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు లాంప్ షేడ్లు చేస్తున్నారని పెదవి విరిచేవారితో నేను ఏకీభవించను. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ పుట్టిందే దీపం కోసం. వెనక వెలుగు ఉంటేనే దాని రంగులు లేస్తాయి. రామాయణం ఆడిన పాత బొమ్మను ఆటగాడి పెట్టెలోంచి బేరమాడి పట్టుకుపోవడం కంటే, అతను చేసిన కొత్త షేడుకు అడిగిన ధర ఇచ్చి కొనడం నిజాయితీ గల వ్యవహారం. కష్టం ఎవరిదో డబ్బు వారికే చేరుతుంది. చేర్యాలలో ఇప్పుడు గోడ కోసమే వేస్తున్న చిన్న బొమ్మలకూ, కల్లు గీసే గౌడుకూ, బతుకమ్మ ఎత్తిన ఆడవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. వాటిలో రంగు కాస్త చవకబారుగా ఉండవచ్చు. దొంగతనం లేదు.

పాత పటమే కావాలనుకునేవారు అమ్మేవాణ్ణి వయసు ఒక్కటే అడుగుతున్నారు. ఏ ఊళ్ళో విప్పారు, ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఇది ఎన్నో వరుస అని అడిగి, తెలిసినంత వరకు ఆ వివరాలు చట్రం వెనక రాసిపెట్టడం కష్టమైన పనేమీ కాదు. ఇప్పుడు అక్కడ దుకాణం చీటీ అంటించి ఉంటోంది.