ఫిర్యాదా, సాక్ష్యమా? తెలుగు ముస్లిం కవిత్వంపై ఒక పరిశీలన

దివ్యఖురాన్‌లో కవుల పేరు మీదనే ఒక సూరా ఉంది. ఆ 'అష్షుఅరా' సూరా ముగింపులో గమ్యం లేకుండా తిరుగుతూ, తాము చేయని పనులను గొప్పగా చెప్పుకునే కవులపై తీవ్రమైన మందలింపు కనిపిస్తుంది. ఆ వెనువెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. విశ్వసించి సత్కార్యాలు చేసేవారు, దైవాన్ని స్మరించేవారు, అన్యాయానికి గురైన మీదట తమను తాము కాపాడుకోవడానికి నోరు విప్పినవారు ఆ మందలింపు పరిధిలోకి రారు. ఉపన్యాసాలలో మొదటి భాగం తరచుగా వినిపిస్తుంది, రెండవ భాగం అంతగా వినిపించదు. గడచిన మూడు దశాబ్దాలకు పైగా తెలుగులో వస్తున్న ముస్లిం కవిత్వాన్ని న్యాయంగా చదవాలంటే ఈ రెండవ భాగం తప్పక గుర్తుండాలి.

తెలుగులో ముస్లిం కవులు కొత్తవారు కారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) పద్యకవిగా ప్రసిద్ధులు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను తెలుగు పాఠకులకు అందించినవారిలో ఆయన ఒకరు. ఆ తరం కవుల ముందున్న పని తెలుగు పద్యాన్ని సాధించడం, అందులో తమ ఆధ్యాత్మిక చింతనను పలికించడం. ముస్లిం ఇంట పుట్టి తెలుగు బడిలో చదువుకున్న బాలుడికి తన పేరు ఎప్పుడు, ఎలా బరువైందన్న ప్రశ్న కవితా వస్తువుగా బలంగా ముందుకు రావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఖాదర్ మొహియుద్దీన్ దీర్ఘకవిత 'పుట్టుమచ్చ' 1991లో వెలువడింది. బాబ్రీ మసీదు వివాదం దేశమంతటా ఉద్రిక్తతను పెంచుతున్న కాలమది. మసీదు కూల్చివేత జరిగింది 1992 డిసెంబర్ 6న. అంటే ఈ కావ్యం కూల్చివేతకు ప్రతిస్పందనగా పుట్టినది కాదు. అంతకుముందే మనుషుల మనస్సులలో ఏమి కూలిపోతున్నదో అది గమనించింది. పుట్టుకతోనే ఒక మనిషి అనుమానితుడు కావడం, అల్లిన కథే చరిత్రగా చెలామణీ కావడం, చివరకు క్రికెట్ పోటీ సైతం ఒకరి దేశభక్తికి తూకపురాయి కావడం ఈ కావ్యంలోని ప్రధానాంశాలు.

కావ్యం పేరులోనే దాని శక్తి ఉంది. తెలుగునాట బడికి వెళ్ళిన ప్రతివారికీ పుట్టుమచ్చ తెలుసు. పదవ తరగతి ధ్రువపత్రంలో విద్యార్థిని గుర్తించడానికి ఒంటి మీద మచ్చలు వ్రాస్తారు. అక్కడ మచ్చ ఎవరినీ నిందించదు. ఈ బాలుడు ఫలానావాడే అని చెప్పి ఊరుకుంటుంది. ఖాదర్ మొహియుద్దీన్ కావ్యంలో ఆ మచ్చ గుర్తుగా ఉండడం మాని నేరంగా మారుతుంది. దానిని ఎవరూ సంపాదించుకోలేదు, ఎవరూ కడుక్కోలేరు. పక్షపాతబుద్ధి ఎలా పనిచేస్తుందో ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం. మనిషి చేసిన పనికి శిక్ష పడితే దానికి ఒక హద్దు ఉంటుంది. పుట్టుకకు పడే శిక్షకు హద్దు లేదు.

ఈ శిక్షను బాలుడు మొదట ఎదుర్కొనేది చాలాసార్లు తరగతి గదిలోనే. గజనీ మహమూద్ దండయాత్రల పాఠం వచ్చిన రోజున తోటి పిల్లల కళ్ళు ఎవరివైపు తిరుగుతాయో ఆ అనుభవం ఉన్నవారికి చెప్పనక్కరలేదు. వేయి సంవత్సరాల నాటి సుల్తాను చేసిన పనికి రిక్షా తొక్కేవాని కొడుకు తల దించుకోవలసి వస్తుంది. ఇక్కడ తెలుగు సాహిత్యమే ఆ బాలుడికి ఒక జవాబును ముందుగా సిద్ధం చేసి ఉంచింది. అస్పృశ్యత చేదును స్వయంగా చవిచూసిన గుర్రం జాషువా 1932లో 'ఫిరదౌసి' వ్రాశారు. బంగారు నాణేలు ఇస్తానన్న మాట తప్పి వెండి నాణేలు పంపిన అదే మహమూద్ అందులో ముద్దాయి. మోసపోయిన కవి అందులో కథానాయకుడు. ఆ కావ్యం చదివిన ముస్లిం బాలుడికి రాజుల వారసత్వాన్ని మోయవలసిన పని లేదని, పరిశ్రమించి మోసపోయినవాని పక్షాన నిలబడే హక్కు తనకు ఉన్నదని తెలుస్తుంది. ఇది ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టిన తెలుగు కవి ఇచ్చిన కానుక.

'పుట్టుమచ్చ' తర్వాత చాలామంది కలం పట్టారు. స్కైబాబ సంపాదకత్వంలో 1998లో వచ్చిన 'జల్‌జలా' సంకలనం ఆ గొంతులను ఒకచోట చేర్చింది. జల్‌జలా అంటే భూకంపం. ఖురాన్ చదివేవారికి ఆ మాట వినగానే 'జిల్‌జాల్' సూరా స్ఫురిస్తుంది. ఆ దినాన భూమి కంపించడమే కాదు, తన మీద జరిగినదంతా చెబుతుందని ఆ సూరా తెలియజేస్తున్నది. కంపించడం వేరు, చెప్పడం వేరు. ఈ కవితలను తూచడానికి ఈ తేడాయే మంచి త్రాసు.

ఈ ధోరణిలో వచ్చిన రచనలన్నీ ఒకే స్థాయివి కావు. కొన్ని కంపించి ఊరుకున్నాయి. 'మీరు', 'మేము' అన్న రెండు మాటల మధ్యనే తిరుగుతూ నినాదాల దగ్గర ఆగిపోయాయి. ఉర్దూ పదాలను అవసరానికి కాక అలంకారానికి కూర్చినవీ ఉన్నాయి. అమ్మీ, అబ్బా, సలాం అన్నంత మాత్రాన ఆ ఇంటి వాసన కవితలోకి రాదు. ఒక చూపు, ఒక పలకరింపు, అద్దె ఇల్లు అడిగినప్పుడు పేరు విన్న తర్వాత వచ్చిన ఒక్క క్షణం మౌనం, ఇటువంటివి ఉన్నది ఉన్నట్లు చెప్పినప్పుడే కవిత సాక్ష్యమవుతుంది. సాక్షి ఎంత బిగ్గరగా అరిచాడన్నది న్యాయస్థానం చూడదు. ఏమి చూశాడన్నదే అడుగుతుంది. బాల్యానుభవం నుండి పుట్టిన కవితలు సాధారణంగా బలంగా ఉండడానికి కారణం ఇదే. పిల్లవాడు సిద్ధాంతం చెప్పడు, చూసింది చెబుతాడు.

అయితే సాక్ష్యానికి మరొక నియమం కూడా ఉంది. అన్నిసా సూరా 135వ ఆయతు న్యాయం పక్షాన స్థిరంగా నిలిచి సాక్ష్యమివ్వాలని విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఆ సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా వెనుకాడరాదని కూడా అక్కడే ఉంది. పరాయివారి పక్షపాతాన్ని ఎత్తిచూపే కవిత ఈ పరీక్షలో సగమే ఉత్తీర్ణమవుతుంది. మిగిలిన సగం ఇంటి లోపల జరగాలి.

యాకూబ్ కవిత 'అవ్వల్ కల్మా' ప్రాధాన్యం ఇక్కడ ఉంది. ముస్లిం సమాజంలోని అంతరాలను అది నేరుగా ప్రశ్నించింది. కాయకష్టంతో బ్రతికే కులాలవారిని, తెలుగు పలుకుబడిలో ఒదిగిన పేర్లు పెట్టుకున్నవారిని సాటి ముస్లింలే పూర్తి ముస్లింలుగా చూడకపోవడాన్ని అది బయటపెట్టింది. దూదేకుల, నూర్‌బాషా, లద్దాఫ్, పింజారి అన్న పేర్లతో పిలువబడేవారు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టినవారు. చాలామందికి ఇంటి భాష కూడా తెలుగే. ప్రభుత్వ జాబితాలో వారు వెనుకబడిన తరగతుల 'బి' విభాగంలో ఉన్నారు. వారి పిల్లవాడికి బడిలో తురకవాడన్న ఎగతాళి ఎదురవుతుంది. సాటి ముస్లింల పెళ్ళిసంబంధాల మాటల్లో "వాళ్ళు దూదేకులవాళ్ళు కదా" అన్న మాట ఎదురవుతుంది. మసీదు వరుసలో భుజానికి భుజం తాకించి నిలబడినవారే సంబంధం కలుపుకునే వేళకు దూరం కొలుస్తారు. ఒక బిడ్డ రెండు వైపుల నుండీ ఒకే దెబ్బ తింటున్నప్పుడు ఒక వైపు దెబ్బను మాత్రమే లెక్కించే కవిత్వం ఆ బిడ్డకు న్యాయం చేయదు.

ఇటువంటి కవితలు వచ్చినప్పుడు తరచుగా వినబడే అభ్యంతరం ఒకటి ఉంది. ఇంటి గుట్టు రచ్చకెక్కుతున్నదని, ఇప్పటికే వేలెత్తి చూపేవారి చేతికి ఇది ఆయుధమవుతుందని ఆ అభ్యంతరం సారాంశం. ఇందులోని భయం నిరాధారం కాదు. విద్వేషం పెరిగిన కాలంలో ఆత్మవిమర్శను సైతం వక్రీకరించి వాడుకునేవారు ఉంటారు. కాని గుట్టుగా ఉంచినందువల్ల గాయం మానదు. బాధపడేవాని నోరు నొక్కి కాపాడిన పరువు పీడించేవాని పరువే అవుతుంది.

షాజహానా 2005లో ప్రకటించిన 'నఖాబ్' కవితాసంపుటికి కూడా ఇటువంటి చర్చే ఎదురయింది. ముస్లిం స్త్రీని బయటివారు జాలితోనో అనుమానంతోనో చూసే చూపును, ఇంట్లోనివారు ఆమె మీద పెట్టే అదుపును ఆమె కలిపి చెప్పారు. పర్దా విషయంలో ఆమె భావాలతో ఏకీభవించని పాఠకులు చాలామందే ఉండవచ్చు. ధర్మ విషయాలలో వాదించే హక్కు వారికి ఉంది. కాని వాదించడానికి ముందు వినవలసిన బాధ్యత ఒకటి ఉన్నది. 'ముజాదలా' సూరా ఆరంభమైనదే ఒక స్త్రీ మొరతో. భర్త తనకు చేసిన అన్యాయం గురించి హజ్రత్ ఖౌలా (రజి) దైవప్రవక్త (స) ఎదుట వాదించారు. ఆమె మాటను అల్లాహ్ ఆలకించాడని ఆ సూరా చెబుతున్నది. ఆమె గొంతు పెంచిందనో, ఇంటి సంగతి బయటపెట్టిందనో అక్కడ మందలింపు లేదు. అన్యాయమైన ఆచారం మీదనే మందలింపు వచ్చింది.

ఈ కవులందరూ ధార్మిక దృష్టితోనే వ్రాశారని చెప్పడం సత్యం కాదు. కొందరు వామపక్ష భావాలతో, కొందరు స్త్రీవాద, దళితవాద ప్రభావాలతో వ్రాశారు. ధర్మాన్నీ, ధర్మం పేరిట సాగే ఆచారాన్నీ వేరు చేసి చూడని చోట్లు వారి రచనల్లో ఉన్నాయి. విమర్శకుడు ఆ చోట్లను చూపవలసిందే. కాని తప్పు పట్టడానికి కవి విశ్వాసాన్ని శోధించడం ఒక పద్ధతి, సాక్ష్యం నిజమా కాదా అని విచారించడం మరొక పద్ధతి. సాహిత్య విమర్శకు రెండవదే తగినది.

ఈ సందర్భంలో బుఖారీలోని ఒక హదీసు గుర్తు చేసుకోదగినది. హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి జాతి పేరెత్తి అవమానించారు. ఆ వ్యక్తి హజ్రత్ బిలాల్ (రజి) అని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. అజ్ఞానకాలపు గుణం అబూజర్‌లో ఇంకా మిగిలి ఉన్నదని దైవప్రవక్త (స) మందలించారు. సేవకులకు తాము తినేదే పెట్టాలని, తాము తొడిగేదే తొడిగించాలని బోధించారు. తర్వాతి కాలంలో అబూజర్, ఆయన సేవకుడు ఒకే రకం వస్త్రాలు ధరించి ఉండగా చూసి ఒక వ్యక్తి కారణం అడిగాడు. జవాబుగా ఆయన ఈ సంఘటన అంతా చెప్పారు. అంటే ఆయన చేసిన తప్పు లోకానికి తెలిసింది ఆయన నోటి ద్వారానే. దాచి ఉంచే అవకాశం ఉండి కూడా ఆయన దాచలేదు. తన మీద తానే సాక్ష్యం చెప్పుకున్నారు, ఆ సాక్ష్యానికి తగినట్లు తన దుస్తులను కూడా మార్చుకున్నారు.

తెలుగు ముస్లిం కవిత్వం ఫిర్యాదుగా మొదలైంది. ఆ ఫిర్యాదు న్యాయమైనది, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత విశాల సమాజం మీద నేటికీ ఉంది. అందులోని ఉత్తమ రచనలు ఫిర్యాదు దాటి సాక్ష్యమైనాయి. ఇక మిగిలినది పాఠకుల వంతు. బడిలో గాయపడి ఇంటికి వచ్చిన పిల్లవాడి చేతికి 'పుట్టుమచ్చ' ఇచ్చే తండ్రి, ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరినైనా "దూదేకులవాడు" అని తేలికగా అనబోయి ఆగిపోతే ఆ కావ్యాన్ని అతడు నిజంగా చదివినట్లు.