త్రిమితీయ స్కానింగ్: నిలకడే నిజమా?

త్రిమితీయ స్కానింగ్ బొమ్మ చూడ ముచ్చటగా ఉంటుంది. కాని దాన్ని కొలిచి గడ్డ పెరిగిందో తగ్గిందో డాక్టరు చెప్పాలంటే ముచ్చట చాలదు. ప్రోబ్‌కు సరైన క్రమాంకనం జరిగి ఉండాలి. ఈ విషయంలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రేగర్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన పత్రం పేరుపొందినది. అందులోని పద్ధతి గొప్ప ఎంత? దాని తర్వాత మనం అడగవలసిన ప్రశ్న ఏమిటి?

మామూలు అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఒక పలుచని పొరనే చూపుతుంది. ప్రోబ్‌ను చేత్తో జరుపుతూ తీసిన పొరలను పేర్చితే త్రిమితీయ చిత్రం వస్తుంది. ఏ పొర ఎక్కడిదో తెలియడానికి పిడికి స్థానం తెలిపే సెన్సర్ తగిలిస్తారు. అయితే సెన్సర్ చెప్పేది పిడి జాడ. బొమ్మ ఉన్నది శరీరం లోపల. రెండింటి సంబంధాన్ని మూడు దూరాలు, మూడు కోణాలు, రెండు స్కేళ్లు, మొత్తం 8 సంఖ్యలు తెలుపుతాయి. వాటిని కనుక్కోవడమే క్రమాంకనం. కోణం 1 డిగ్రీ తప్పినా 10 సెం.మీ. లోతున బిందువు సుమారు 1.7 మి.మీ. పక్కకు జరుగుతుంది.

నీళ్లతొట్టి అడుగును స్కాన్ చేయడం సులువైన మార్గం. అడుగు ఒక గీతగా కనిపిస్తుంది. కాని ప్రోబ్‌ను వంచితే ప్రతిధ్వని వేరే వైపు పోయి గీత మసకబారుతుంది. కేంబ్రిడ్జ్ బృందం రెండు బిళ్లల మధ్య సన్నని ఇత్తడి కడ్డీ బిగించి, ప్రోబ్‌తో పాటే తొట్టి అడుగున కదిలించింది. కడ్డీ ఒకే ఎత్తులో కదులుతూ ఒక ఊహా సమతలాన్ని ఏర్పరుస్తుంది; గీత స్పష్టంగా ఉంటుంది. ఇది నిజంగా మెచ్చదగిన ఉపాయం.

చిక్కంతా ఫలితాన్ని బేరీజు వేయడంలో ఉంది. ఈ రంగంలో తరచు చూపే రుజువు, మళ్లీ మళ్లీ చేసినా జవాబులు దగ్గరగా వస్తున్నాయన్నది. అరిగిన తూకపురాయితో ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు వస్తుంది. కొన్నవారికి మాత్రం ప్రతిసారీ తక్కువే.

అండమాన్‌లోని శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) మిడిల్ పాయింట్ కుళాయి నీటితో తొట్టి నింపారనుకుందాం. నీరు 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే శబ్దవేగం సెకనుకు 1509 మీటర్లు. యంత్రం దేహానికి తగినట్టు 1540 అనుకుంటుంది. ఆ తేడాను సవరించకపోతే లోతు కొలతలు 2 శాతం తగ్గుతాయి: 5 సెం.మీ. గడ్డ 4.9 అవుతుంది. చల్లని గదిలో 20 డిగ్రీల నీటితో (వేగం 1482) క్రమాంకనం చేసిన మరో యంత్రం 4.8 అంటుంది. ద్వీపం నుంచి విశాఖకో, చెన్నైకో వెళ్లిన రోగికి గడ్డ మారకుండానే దాదాపు 1 మి.మీ. మారినట్టు కనిపిస్తుంది. రెండు యంత్రాలూ నిలకడగలవే, రెండూ తప్పే!

మందు కష్టమైనది కాదు. నీటి ఉష్ణోగ్రత కొలిచి లెక్క సరిచేయవచ్చు, లేదా శబ్దవేగం 1540 అయ్యేలా నీటిని సుమారు 48 డిగ్రీలకు వేడిచేయవచ్చు. ఆ తర్వాత, క్రమాంకనంలో వాడని, కొలత ముందే తెలిసిన వేరొక వస్తువును స్కాన్ చేసి చూడాలి. ఈ రెండు వివరాలూ లేని పత్రం కనబడితే, అందులోని దశాంశ స్థానాలు ఎన్ని ఉన్నా విద్యార్థులు అనుమానించడమే మేలు.