సంకేతం మోపే నింద: స్టెరాయిడ్ జన్య హార్మోన్ రుగ్మతల కోడింగ్‌పై విమర్శ

వ్యాధికి సంకేతసంఖ్య కేటాయించడం పైకి గుమాస్తా పనిలా కనిపించినా, స్వభావరీత్యా అది వ్యాఖ్యానమే. స్టెరాయిడ్ మందులవల్ల కలిగే హార్మోన్ రుగ్మతల విషయంలో ఆ వ్యాఖ్యానం ఎవరి పక్షం వహిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. 2015 అక్టోబరు 1 నుండి అమెరికాలో అమలులో ఉన్న ఐసిడి-10-సిఎం వర్గీకరణ ఇందుకు ఆధారం. హైదరాబాదులో ఈ వృత్తిలో ఉన్న అనేకమంది కోడర్లు నిత్యం వాడేది కూడా దీనినే.

ప్రెడ్నిసొలోన్ వంటి మందును ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే ముఖం గుండ్రబడి, కండరాలు క్షీణించే కుషింగ్ సిండ్రోమ్ రావచ్చు. దాని సంకేతం ఇ24.2. అదే మందువల్ల పీయూష గ్రంథి ప్రేరణ తగ్గి, అధివృక్క గ్రంథి సొంత కార్టిసాల్ ఉత్పత్తి మందగిస్తుంది. ఈ లోపానికి సంకేతం ఇ27.3. ఆ స్థితిలో మందును హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. ఒకే మందు ఒకే శరీరంలో కలిగించే ఆధిక్యాన్నీ లోపాన్నీ విడివిడిగా గుర్తించడం ఈ వర్గీకరణలోని సుగుణం. రుగ్మత సంకేతం తరువాత టి38.0ఎక్స్5 చేరిస్తే, సక్రమంగా సూచించి సక్రమంగా వాడిన మందు ప్రతికూల ప్రభావమని అర్థం.

చిక్కు మందు ఆపిన సందర్భంలో ఉన్నది. రోగి తనంతట తాను మానివేస్తే అది టి38.0ఎక్స్6, అనగా మోతాదు లోపం. ఆర్థిక ఇబ్బందివల్ల మానితే జెడ్91.120 కూడా చేరుతుంది. పేదరికాన్ని వైద్యపత్రంలోకి తెచ్చిన ఈ సంకేతం ప్రశంసనీయం. చికిత్స చేసేవారి వైపు మోతాదు లోపానికి వై63.6 ఉన్నది. అయితే, మందును క్రమంగా తగ్గించాలని ఎవరూ చెప్పనందువల్ల ఒక్కసారిగా మానిన రోగి ఏ గడిలోకి వస్తాడు? ఆచరణలో అతడు చెప్పినా వినని రోగుల సరసన చేరే ప్రమాదం ఉన్నది. కోడర్ ఊహించి రాయరాదు. వైద్యుడు రాసినదే ప్రమాణం. అంటే చెప్పని మాటను, చెప్పనివారే నమోదు చేయాలి!

ఈ సంకేతాలే బీమా చెల్లింపులకు, ఆరోగ్య గణాంకాలకు ఆధారమవుతాయి. అందువల్ల ఒక రోగి పత్రంలోని మౌనం గణాంకాల్లో రోగుల నిర్లక్ష్యంగా మారగలదు. కొత్త సంఖ్యలకన్నా ముందు కావలసినది స్పష్టమైన నమోదు: మందు ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, తగ్గించే క్రమాన్ని రోగికి అర్థమయ్యే భాషలో చెప్పారా? పత్రంలో ఇవి లేనప్పుడు వైద్యుణ్ణి వివరణ అడగడం కోడర్ వృత్తిధర్మం. ఆ ప్రశ్న అడిగినప్పుడే సంకేతం రోగికి న్యాయం చేస్తుంది.