ఎవరి పాటలా ఉంది?

పదిహేనేళ్ళ పిల్లలు సొంతంగా పాట కట్టారంటే మనం మొట్టమొదట అడిగేది ఇదే. ఆస్ట్రేలియాలో సిల్వర్‌చైర్ అనే రాక్ బ్యాండ్ కుర్రాళ్ళనూ ఇదే అడిగారు, అదీ కాస్త వెటకారంగా. న్యూకాజిల్ అనే బొగ్గు, ఉక్కు ఊళ్ళో డేనియల్ జాన్స్, బెన్ గిలీస్, క్రిస్ జోవాను ఒకే బడి పిల్లలు. గిలీస్ వాళ్ళ కారు షెడ్డులో సాధన. 1994లో ఒక టీవీ, ఒక రేడియో కలిసి పెట్టిన పోటీకి ‘టుమారో’ అనే పాట పంపి గెలిచారు. స్టూడియోలో రికార్డు చేసుకునే అవకాశమే బహుమతి. ఆ పాట అక్కడి చార్టుల్లో ఆరు వారాలు మొదటి స్థానం వదల్లేదు. మరుసటి ఏడు ‘ఫ్రాగ్‌స్టాంప్’ ఆల్బమ్‌ను తొమ్మిది రోజుల్లో ముగించారు. బడి మానలేదు. ఊళ్ళు తిరగాలంటే అమ్మానాన్నలు వెంట ఉండాల్సిందే.

అమెరికా రాక్ బ్యాండ్ నిర్వాణాకు పైజామాలు తొడిగినట్టున్నారని వాళ్ళను వెక్కిరించారు. ఈ వెక్కిరింత నాకు రుచించదు. చూసి నేర్చుకోవడం, విని దించడం మన దగ్గర పాఠంలో భాగమే కదా! పాలకొల్లు పిల్లాడు మాండలిన్ శ్రీనివాస్ సంగతే చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు ఆ గొంతును తీగల మీదికి దించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి పద్నాలుగు. వాద్యానికి కరెంటు పెట్టి, ఎనిమిది తీగలను ఐదు చేసినవాడు, నా లెక్కలో ఏ రాక్ కుర్రాడికీ తీసిపోడు.

మా వేటపాలెంలో ముగ్గురు ఇంటర్ కుర్రాళ్ళు ఆదివారాలు మా వెనకింట్లో వాయిస్తారు. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించిన పాత పరిచయంతో నన్ను మాస్టారూ అంటారు. పక్కింట్లో మగ్గం ఆడుతుంటుంది కాబట్టి చప్పుడని ఎవరూ గొడవకు రారు. డ్రమ్స్ కొనే స్తోమత లేదు, ఖాళీ జీడిపప్పు డబ్బాతోనే కానిస్తున్నారు. ‘టుమారో’ నేర్పమన్నారు. చరణంలో గిటారు నెమ్మదిగా, ఒక్కో తీగా విడివిడిగా పలుకుతుంది. గొంతూ కిందే ఉంటుంది. తర్వాత కాలి కింద పెడల్ నొక్కగానే తీగలన్నీ కలిసి రంపంలా గరగరమంటాయి, పల్లవి విరుచుకుపడుతుంది. నిర్వాణా అలవాటే, దాపరికమేం లేదు. మావాడు ప్రతిసారీ పెడల్ ముందే నొక్కేస్తాడు. పల్లవి వచ్చేసరికి ఇక పైకి లేవడానికి ఏమీ మిగలదు.

"ఆగరా!"

"ఎందాకా మాస్టారూ?"

"డబ్బా మోగేదాకా."

జాన్స్‌కు ఆ వయసుకే ఆగడం వచ్చు. అది విని దించితే వచ్చింది. తిట్టినవాళ్ళు ఈ పని చూడలేదు.

2002లో వచ్చిన ‘డయోరమా’ వినండి. అదే కుర్రాడు రాసిన పాటలు, కొన్నిటికి వాన్ డైక్ పార్క్స్ సమకూర్చిన వాద్యబృందం. నిర్వాణా జాడ వెతికినా దొరకదు. అక్కడికి చేరేలోపు జాన్స్ తిండి మానేసే జబ్బుతో చిక్కి శల్యమయ్యాడు, దాని మీదే రాసిన పాట 1999లో వచ్చింది. పదిహేనేళ్ళకే ఊరంతా ముఖం గుర్తుపడితే ఏ పిల్లాడు తట్టుకుంటాడు? బ్యాండ్ 2011లో ఆగింది. ఐదు ఆల్బమ్‌లు చేస్తే ఐదూ వాళ్ళ దేశంలో మొదటి స్థానానికి వెళ్ళాయి.

మావాళ్ళు మొన్న చీరాల ట్యూషన్ మీద సొంత పాట కట్టారు. గిటారు సిల్వర్‌చైర్‌ది, రాగం ఏదో సినిమాది, మాటలు మాత్రం వాళ్ళవే. ఫోన్‌లో రికార్డు చేసి వింటే అంతా గిటారే, తన డబ్బా ఏదని మూడోవాడు కొట్లాటకు దిగాడు. ఈ ఆదివారం గిటారును గుమ్మం బయట కూర్చోబెట్టి, డబ్బాను ఫోన్ దగ్గరికి జరిపి మళ్ళీ తీస్తున్నాం.