రాలిపోయిన ‘అట’: తెలుగు యాత్రారచనలో గైడు గొంతు

తెలుగు యాత్రాసాహిత్యంపై వచ్చిన పరిశోధనల్లో ఒక అలవాటు స్థిరపడింది. గ్రంథాన్ని భౌగోళిక విశేషాలు, సామాజిక స్థితిగతులు, ప్రకృతివర్ణన, హాస్యం అని విడదీసి, ఒక్కో శీర్షిక కింద ఉదాహరణలు పేర్చడం. ఈ పద్ధతి కొంత మేలు చేసిన మాట నిజమే. కాని ఇందులో ఒక మౌలిక ప్రశ్న జారిపోతుంది. ఈ సంగతి రచయితకు ఎవరు చెప్పారు? కొండ, నది, వాతావరణం వంటి వాటి విషయంలో ఈ ప్రశ్నకు అంత బలం ఉండకపోవచ్చు. పరాయి నగరంలో నడక విషయంలో మాత్రం ఇదే మొదటి ప్రశ్న కావాలి. నగరవీధిలో కొత్తవాడికి కంటికి ఆనేది గోడ, మలుపు, మెట్లు, జనం. ఆ గోడ వయసు, ఆ మలుపు కథ, ఆ మెట్ల మీద జరిగిన హత్య అన్నీ చెవికి అందినవే.

ఇటీవల యూరప్ నగరాల్లో ఒక ఏర్పాటు బాగా వాడుకలోకి వచ్చింది. గుంపుతో బస్సులో తిరగకుండా, ఒక కుటుంబానికో ఒక మనిషికో విడిగా ఒక గైడు దొరుకుతాడు. మూడు నాలుగు గంటలు వెంట నడుస్తాడు. నడక మొదలు కాకముందే మీకు దేనిమీద ఆసక్తి అని అడుగుతాడు. చరిత్రా, సాహిత్యమా, తిండా, కట్టడాలా? దాన్నిబట్టి దారి కూర్చుతాడు. పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళివచ్చే తెలుగు కుటుంబాలకూ ఈ ఏర్పాటు కొత్త కాదు. తిరిగి వచ్చి రాసేవారు ‘చూశాను’ అని రాస్తారు. అందులో విన్నది ఎంత అనేదే ఈ వ్యాసం విషయం.

దీన్ని పట్టుకోవడానికి మన భాషలోనే ఒక సాధనం ఉంది. తెలుగులో పరోక్షంగా తెలిసిన సంగతికి ‘అట’ చేరుస్తాం. ‘ఇక్కడ రాణి ఉండేది’ అన్న వాక్యానికీ ‘ఇక్కడ రాణి ఉండేదట’ అన్న వాక్యానికీ మధ్య తేడా సమాచారంలో లేదు, పూచీలో ఉంది. మొదటిదానికి రచయిత పూచీ. రెండోదానికి పూచీ మరెవరిదో. ఇంటికి వచ్చి నోటితో చెప్పేటప్పుడు యాత్రికుడు ‘అట’ను ధారాళంగా వాడతాడు. కాగితం మీదికి వచ్చేసరికి అది రాలిపోతుంది. శిష్టరచనకు తగిన గాంభీర్యం కోసమో, వాక్యం తేలిపోతుందన్న బెరుకుతోనో దాన్ని తీసేస్తారు. తీసేసిన క్షణంలో గైడు వాక్యం రచయిత వాక్యమవుతుంది. యాత్రారచన విమర్శలో మనం రచయిత దృష్టి అని మెచ్చుకునేది చాలాసార్లు ఇలా చేతులు మారిన సొత్తే.

ఉదాహరణకు ఎడింబరోను తీసుకుందాం. కోట నుంచి హోలీరూడ్ రాజభవనం దాకా దిగే పాతవీధి, రాయల్ మైలు, రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. దానికి ఇరువైపులా ‘క్లోజ్’ అనే సన్నటి సందులు. ఉత్తరాన 1767లో జేమ్స్ క్రెయిగ్ గీసిన పథకం ప్రకారం గీత గీసినట్టు లేచిన కొత్తపట్టణం. అతిథి సాహిత్యం అంటే గైడు వాల్టర్ స్కాట్ స్మారకం దగ్గర ఆగుతాడు, యునెస్కో 2004లో ప్రపంచంలో మొట్టమొదటి సాహిత్యనగరంగా ఈ ఊరినే ఎంచిందని చెబుతాడు. దెయ్యాల కథలంటే అవే సందులు నేలమాళిగలవుతాయి. కట్టడాలంటే అవే రాళ్ళు శైలీచరిత్ర అవుతాయి. రాళ్ళు మారలేదు, వాక్యాలు మారాయి. అతిథి అభిరుచే ఇక్కడ నగరానికి మొదటి చిత్తుప్రతి. కనుక ‘ఎడింబరో సాహిత్యం ఊపిరిగా బతికే నగరం’ అని ఒక తెలుగు యాత్రికుడు రాస్తే, అది నగరం గురించి చెప్పినదానికన్నా నడకకు ముందు అతడు ఇచ్చిన జవాబు గురించి ఎక్కువ చెబుతుంది.

మిషెల్ ద సెర్తో 1980లో వెలువరించిన గ్రంథంలో నగరంలో నడకను భాషావ్యవహారంతో పోల్చాడు. వీధుల అమరిక భాష అయితే నడక ఆ భాషలో పలికే మాట. ఈ పోలిక మన విశ్వవిద్యాలయాల్లో తరచుగా వినిపిస్తున్నదే. కాని గైడు వెంట నడిచేవాడు పలుకుతున్నాడా, ఎవరో పలికినదాన్ని తిరిగి పలుకుతున్నాడా? సెర్తో పాదచారి స్వేచ్ఛను కొంత ఎక్కువగానే నమ్మాడని నా అభిప్రాయం. వెంట నడిచేవాడిది వల్లెవేత. అది తక్కువ పని కాదు. మన చదువులన్నీ వల్లెవేతతో మొదలైనవే. అయితే వల్లెవేతను స్వతంత్రరచనగా లెక్కగట్టకూడదు.

వ్యక్తిగత గైడు ఈ కాలపు వింత కాదు. పద్దెనిమిదో శతాబ్దపు ఎడింబరోలోనే ‘కాడీలు’ అనేవారు ఉండేవారు. ఉత్తరాలు మోయడం, కబురందించడం, కొత్తగా వచ్చినవారికి సందుల్లో దారి చూపడం వారి వృత్తి. ఊళ్ళో ఎవరు ఎక్కడ ఉంటారో, ఎవరు ఎప్పుడు వచ్చారో వారికి తెలియనిది ఉండేది కాదని ప్రతీతి. మన దేశంలో కాశీ, గయ, ప్రయాగల్లో పండాలది ఇంతకన్నా పాత వ్యవస్థ. పండా యాత్రికుణ్ణి మొదట అడిగేది ఊరు, గోత్రం, తాతముత్తాతల పేర్లు. తన వహీ విప్పి, మీ తాతగారు ఫలానా సంవత్సరం వచ్చారని చూపిస్తాడు. నేటి గైడు మీకు ఏమిష్టం అని అడుగుతాడు. పండా మీరెవరు అని అడుగుతాడు. ఒకడు యాత్రికుడి అభిరుచిని బట్టి దారి కూర్చితే, ఇంకొకడు యాత్రికుడి మూలాన్ని బట్టి కూర్చుతాడు. ఇద్దరిలోనూ డబ్బు లెక్క ఉంది. పండాల రాబట్టుకునే తీరు మీద మన సాహిత్యంలో ఫిర్యాదులు ఉన్నాయి, యూరప్ గైడు మీద అంతగా లేవు. రుసుము ముందే చెల్లించడం వల్ల కావచ్చు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా చేసిన ప్రయాణం, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’, ఈ కోణంలో మళ్ళీ చదవదగినవి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. అంటే ఒకరి మాటను మరొకరికి అందిస్తూ, అది తన మాట కాదన్న స్పృహను క్షణమైనా వదలకుండా ఉండటం ఆయన జీవనవృత్తి. దాదాపు నూరుమంది పరివారంతో, బోయీలు మోసే పల్లకీలో సాగిన యాత్ర అది. అందులో నడిచినవారి గొంతులు తక్కువ వినిపిస్తాయని గుర్తుంచుకోవాలి. అయినా నీళ్ళు, అంగళ్ళు, మజిలీల మధ్య దూరం, వసతి వంటి తాను సరిచూసుకున్న విషయాలకు ఆయన ఇచ్చే నిబ్బరం ఒకటి, స్థలమాహాత్మ్యాలకు ఇచ్చేది మరొకటి. విన్న మాటను విన్న మాటగా ఉంచే ఈ క్రమశిక్షణ కోర్టులో అలవడిందేనని అనుకోవడానికి అవకాశం ఉంది. హైదరాబాదు నుంచి నిర్మల మీదుగా నాగపూరుకు పోయిన ఆయన బాట, ఆర్మూరు మీదుగా పోయే నేటి 44వ నంబరు జాతీయ రహదారి పోయే దిక్కునే సాగింది. ఈ ప్రాంతపు విద్యార్థికి ఆ గ్రంథాన్ని పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి ద్వారం లేదు.

యూరప్‌కు వస్తే, పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు చూసి తెలుగులో రాసుకున్నదాన్ని తానే ఇంగ్లీషులోకి తిప్పి 1876లో మద్రాసులో ప్రచురించింది. ఇందులోని చిక్కును మన పరిశోధకులు ఇంకా తగినంత పట్టించుకోలేదు. ఇంగ్లండు గురించి తెలుగు పాఠకులకు చెప్పిన మాటలను ఆమె ఇంగ్లీషు చదువరుల ముందు పెట్టింది. దారి చూపించుకున్నది తిరిగి ఆ ఇంటివారికే వారి ఇంటిని చూపింది. ఇంగ్లీషు ‘అట’ను మోయలేదు. విన్నదనే గుర్తును అక్కడ విడి మాటలతో చెప్పాలి, లేదా వదిలేయాలి. అనువాదంలో పూచీ ఎవరి మీద పడిందన్నది విడిగా ఒక వ్యాసానికి తగిన విషయం.

ఈ చర్చకు నిజమైన గీటురాయి యాత్రాగ్రంథం కాదు, నవల. మొక్కపాటి నరసింహశాస్త్రి (1892-1973) తాను ఎడింబరోలో చదువుకున్నవాడు. 1924లో మొదటిభాగం వెలువరించిన ‘బారిస్టర్ పార్వతీశం’లో మొగల్తూరు కుర్రవాణ్ణి అదే నగరానికి పంపాడు. పార్వతీశానికి అభిరుచి అడిగి దారి కూర్చేవాడెవడూ లేడు. నగరం అతని కోసం ఒక్క అంగుళం సర్దుకోదు. అతడే ఒరుసుకుంటూ సర్దుకోవాలి. మద్రాసులో కొన్న టోపీ ఆడవాళ్ళదని తేలడం మొదలు, తెలియకపోవడం అనేది ఆ నవలలో కథను నడిపించే బలం. దారిలో ఎదురైన ప్రతివాడూ అతనికి కొంచెం కొంచెం గైడే. ఎవడూ పూర్తిగా కాడు, ఎవడి మాటా అతనికి పూర్తిగా అర్థం కాదు.

ఇక్కడ విమర్శకులు దాటవేసిన ఒక నిర్మాణవిశేషం ఉంది. నవల ఉత్తమపురుషలో సాగుతుంది. కథ చెబుతున్న పార్వతీశం అన్నీ తెలిసినవాడు. వీధిలో నడుస్తున్న పార్వతీశం ఏమీ తెలియనివాడు. ఇద్దరూ ఒక్కరే. ఈ నడకకు గైడు ఎవరంటే పెద్దవాడైన పార్వతీశమే. కాని ఈ గైడు చాలాచోట్ల నోరు మెదపడు. టోపీ ఆడవాళ్ళదని ముందే హెచ్చరించి కథను చెడగొట్టడు. కుర్రవాణ్ణి పడనిచ్చి, మనతోపాటు నిలబడి చూస్తాడు. తెలిసీ చెప్పకపోవడం వల్లే హాస్యం పుట్టింది. తెలిసినదంతా చెప్పేయడమే వృత్తిగా ఉన్న గైడు నుంచి, ఆ చెప్పినదంతా నింపుకున్న యాత్రారచన నుంచి ఈ నవలను వేరుచేసేది ఇదే. దీన్ని అమాయకత్వపు హాస్యం అని ఒక్క మాటతో సరిపెట్టడం అన్యాయం. అది జ్ఞానం పాటించిన సంయమనం.

మరొకటి. పార్వతీశం తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు ఆ తప్పు అతని సొంతం. గైడు చెప్పిన తప్పు కాదు. అందువల్ల ఆ పేజీల్లో ‘అట’ అవసరం తక్కువ. చూసిన ప్రతిదానికీ అతనికి మొగల్తూరు నుంచి ఒక పోలిక, ఒక కారణం తోస్తుంది. ఆ కారణం దాదాపు ఎప్పుడూ పొరపాటే అయినా, దాని వెనుక ఒక ఊరుంది, ఒక బుర్ర పనిచేస్తున్న చప్పుడుంది. నగరం గురించి సరైన సమాచారం కావాలంటే యాత్రాగ్రంథాలు చదవాలి. ఒక తెలుగువాడు ఆ నగరంలో ఉండటం ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ నవలే చదవాలి. చరిత్రరచనకు యాత్రాగ్రంథాన్ని ఆధారంగా తీసుకుని నవలను పక్కన పెట్టేవారు ఈ తేడాను ఆలోచించాలి.

ఈ వాదాన్ని తిరగేసి చూడటానికి ఆర్మూరు అనువైన చోటు. యూరప్ నుంచి ఒక అతిథి వచ్చాడనుకుందాం. అతనికి విడిగా ఒక నడక కూర్చాలి. నల్లటి రాతిగుట్టలు కనబడుతూనే ఉంటాయి కనుక మొదట నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కిస్తాం. ఆరూ మూడూ కలిస్తే తొమ్మిదట, తొమ్మండుగురు సిద్ధులున్న నవనాథపురమే ఆర్మూరు అయిందట అని చెబుతాం. ఇది జనవ్యుత్పత్తి. ‘అట’తో ఉన్నంతవరకు చక్కటి స్థలపురాణం. ‘అట’ రాల్చి అతను తన భాషలో రాసుకుంటే అది తప్పు చరిత్ర. తర్వాత అంకాపూర్ తీసుకెళ్ళి నాటుకోడి కూర తినిపిస్తాం. సుగంధద్రవ్యాల మీద ఆసక్తి అంటే, ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసిన కల్లం చూపిస్తాం. ఫొటోలో ఆ పసుపు ఎంతో బాగుంటుంది. ధర మాత్రం ఫొటోలో పడదు. 2019 ఫిబ్రవరిలో గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులు ఆర్మూరులో రహదారి మీద బైఠాయించిన చోటును ఏ నడకలోనూ చేర్చం. ఆ ఏడు నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు, అందులో 170 మందికి పైగా రైతులే. ఆ బోర్డు ప్రారంభమైంది 2025 జనవరిలో. గల్ఫ్‌కు పోయిన మనుషుల ఇళ్ళ తలుపులూ దారిలో తగులుతాయి, ఆగం. దాచాలని కాదు. అతిథి అడగలేదు, అంతే.

మనం అతిథికి ఇలా చేస్తామని ఒప్పుకుంటే, మనం అతిథులమైనప్పుడు మనకు ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఎడింబరో కొత్తపట్టణంలో సెయింట్ ఆండ్రూ స్క్వేర్ నడుమ ఒక ఎత్తైన స్తంభం ఉంది. దానిమీద ఉన్నది హెన్రీ డండాస్, మెల్విల్ ప్రభువు. బానిసవ్యాపారం రద్దును జాప్యం చేయించడంలో అతని పాత్ర మీద ఆ నగరంలో ఇటీవల తీవ్రమైన వివాదం నడిచింది. ఆ సంగతి మంచి గైడు చెబుతాడు. కాని అదే మనిషి 1793 నుంచి 1801 వరకు ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలను లండను నుంచి అదుపు చేసిన బోర్డ్ ఆఫ్ కంట్రోల్‌కు అధ్యక్షుడు. నిజాము తన ఫ్రెంచి దళాలను వదులుకుని కంపెనీ సైన్యాన్ని నెత్తిన పెట్టుకున్న 1798 ఒప్పందం ఆ కాలంలోనిదే. అప్పుడు ఆర్మూరు నిజాము ఏలుబడిలోని ఊరు. సాహిత్యమా కట్టడాలా అని అడిగే గైడుకు ఈ ముడి తట్టదు. ఏ ఊరు, ఎవరి ఏలుబడి అని పండాలా అడిగితే తట్టేది. తెలుగు యాత్రికుడు ఆ స్తంభం దగ్గర ఆగితే, ఆ కొద్దిసేపు దారి చూపే పని అతనిదవుతుంది. అక్కడ అతను రాసే వాక్యానికి ‘అట’ అక్కర్లేదు, దాని ఆధారాలు మన హైదరాబాదు చరిత్రలోనే ఉన్నాయి.